అసినిబోయిన్ నదిలో కెనూ విహారం: తేదీ, దారి, జాగ్రత్తలు

భద్రత బాధ్యతలు చూస్తున్న సభ్యురాలు:

వాలంటీర్లందరికీ నమస్కారం. కెనడాలోని విన్నిపెగ్ దగ్గర మన కెనూ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) విహారాన్ని మే నెలలో పెట్టుకుందామని కొందరు సూచించారు గాని, దానిని జూలైకి మార్చాలని నా మనవి. మంచు కరిగిన నీటితో వసంతంలో అసినిబోయిన్ నిండుగా, చల్లగా పారుతుంది. పైగా ఎగువన షెల్‌మౌత్ ఆనకట్ట నుంచి విడిచే నీటిని బట్టి, విన్నిపెగ్‌లో చినుకు రాలకపోయినా నదిమట్టం పెరగవచ్చు. మంచులాంటి నీటిలో పడినవారి విషయంలో మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యులు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క 1-10-1: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, కాళ్లూ చేతులూ మన మాట వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పేందుకు సుమారు 1 గంట. లైఫ్ జాకెట్ లేనివారికి ఆ గంట కూడా మిగలదు.

మనం వెళ్లే బోడ్రీ పార్కు నుంచి హెడింగ్లీ వరకు దారికి రోడ్డు దూరం చూసి సమయం అంచనా వేయవద్దు. ఒకనాటి అగాసిజ్ సరస్సు అడుగుభాగమైన ఈ చదును నేలపై నది మెలికలు తిరుగుతూ సాగుతుంది కనుక, పటంలో నది గీత వెంబడే కొలవాలి.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేవి మలుపులు. బయటి ఒడ్డున ప్రవాహం వేగంగా ఉండి, మట్టిని కోసి, చెట్లను నీళ్లలోకి పడగొడుతుంది. పడిన చెట్టు జల్లెడ వంటిది. కొమ్మల సందుల్లోంచి నీరు పోతుంది గాని, పడవనూ మనిషినీ అక్కడే అదిమి పట్టేస్తుంది. కాబట్టి మలుపు రాకముందే లోపలి ఒడ్డు వైపుకు తెడ్డు వేయాలని, ఇసుక మేట తగిలి పడవ ఆగినా ఫరవాలేదని అందరికీ ముందే నేర్పాలి.

కెనడా నిబంధనల ప్రకారం ప్రతి కెనూలో మనిషికొక లైఫ్ జాకెట్, కనీసం 15 మీటర్ల తేలే తాడు, నీరు తోడే డబ్బా, ఈల ఉండాలి.

రవాణా చూస్తున్న సభ్యుడు:

నమస్కారం అక్కా. జాకెట్ పడవలో ఉంటే చాలునని, ఎండకు తొడుక్కోలేమని కొందరు పెద్దలు అంటున్నారు. వారికి ఏమని చెప్పమంటారు?

భద్రత బాధ్యతలు చూస్తున్న సభ్యురాలు:

తమ్ముడూ, తొడుక్కోనివారిని ఒడ్డునే ఉండి వంటల బృందంతో కలవమని మర్యాదగా చెప్పండి. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం మనవాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. పిల్లల జాకెట్లు బరువును బట్టి ఎంచుకోవాలి కనుక, పేర్లతో పాటు బరువులు కూడా ఈ ఆదివారంలోగా రాసి పంపించండి. ఉరుము వినబడితే వెంటనే ఒడ్డు చేరవలసి ఉంటుంది. బంకమట్టిలో జారకుండా దిగగలిగే చోట్లు ముందుగా చూసి రావడానికి ఇద్దరు కావాలి.