అప్‌డేట్: వాటర్ కూలింగ్ ట్యూబ్ కోతకు డ్రిప్ పైపు కట్టరే పనికొచ్చింది

పోయిన నెల అడిగాను: కంప్యూటర్ వాటర్ కూలింగ్‌కు (నీళ్లు తిప్పి లోపలి భాగాల వేడి తగ్గించడానికి) వాడే మెత్తటి ట్యూబ్, లోపల 10, బయట 16 మిల్లీమీటర్లది, కత్తెరతో కోస్తే వంకరగా వస్తోంది, ఫిట్టింగ్ (ట్యూబ్‌ను బిగించే జాయింటు) దగ్గర నీళ్లు చెమరుస్తున్నాయి, ఏ పనిముట్టు కొనాలని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పైపు కట్టర్ వాడమన్న సలహానే పనిచేసింది. కొనే పని కూడా పడలేదు. మాది నల్లగొండ దగ్గర ఊరు. చిన్నాయన బత్తాయి తోటలో డ్రిప్ వేసేటప్పుడు వాడిన కట్టర్ తెచ్చుకున్నా. ఆ డ్రిప్ పైపు కూడా 16 మిల్లీమీటర్లదే, అందుకే ట్యూబ్ గాడిలో చక్కగా కూర్చుంది. కత్తెర ట్యూబ్‌ను నొక్కి చదును చేసేస్తుంది, దాంతో కోత ఏటవాలుగా పోతుంది. కట్టర్‌లో కింద ఆనిక ఉంటుంది, పైనుంచి ఒకే బ్లేడు దిగుతుంది. బ్లేడు మాత్రం కొత్తది వేశా, పాతదానితో అంచున నూగులాగా లేచింది. కోసిన ముక్కను బల్ల మీద పెడితే నిటారుగా నిలబడింది. ప్రాణం లేచొచ్చింది!

కొందరు చెప్పిన మిగతా సలహాలు, అంటే ట్యూబ్ చివర వేడి నీళ్లలో ముంచడం, ఫిట్టింగ్ మీది కాలర్ (బిగింపు రింగు) ఇంకా బిగించడం, ఈ రెండూ నా సమస్యకు సంబంధం లేనివే. కంప్యూటర్ మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే 24 గంటలు నడిపి, ప్రతి ఫిట్టింగ్‌కూ టిష్యూ చుట్టి చూశా. ఒక్కటీ తడవలేదు.