అమ్మ పెంచిన కుక్కను షెల్టర్‌కి ఇవ్వాలా, నేరుగా ఎవరికైనా ఇవ్వాలా?

అమ్మ పోయాక ఆమె పెంచిన 9 ఏళ్ల ఆడకుక్క నా దగ్గరే ఉంటోంది. మా పాపకి కుక్క బొచ్చు పడక ఆయాసం వస్తోంది, డాక్టర్ ఇక ఇంట్లో ఉంచొద్దన్నారు. అది ఇప్పటికీ అమ్మ శాలువా మీదే ముక్కు ఆనించి పడుకుంటుంది.

షెల్టర్‌కి ఫోన్ చేస్తే ఖాళీ లేదు, వెయిటింగ్ లిస్టులో రాస్తామన్నారు. ఈ వయసులో ఆ బోనుల మధ్య, ఆ అరుపుల మధ్య తిండి మానేస్తుందేమోనని నాకు ఒకటే టెన్షన్. అందుకే కొన్నాళ్లు ఫోస్టర్‌గా ఉంచుకునేవాళ్ల కోసం కూడా వెతుకుతున్నాను.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, రేబీస్ టీకా కాగితాలున్నాయి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) మాత్రం అమ్మ పేరు మీదే ఉంది. దాన్ని మార్పించడానికి ఏం చూపించాలి? నేరుగా ఇస్తే ముందు వాళ్ల ఇల్లు చూస్తానని, కుదరకపోతే నాకే తిరిగివ్వాలని రాయించుకోవచ్చా? ఇలా ఇచ్చినవాళ్లుంటే దయచేసి చెప్పండి.