జింకల వేటకి తేలికపాటి రైఫిల్, ఏది తీసుకోమంటారు?

అందరికీ నమస్కారం. మేము ఉండేది టెక్సస్‌లో, ఆస్టిన్‌ దగ్గర. ఆఫీసులో ఒకాయన నవంబర్‌లో హిల్ కంట్రీలో ఉన్న వాళ్ల మామగారి రాంచ్‌కి జింకల వేటకి తీసుకెళ్తుంటాడు. పోయినేడు వాళ్ల రైఫిలే అడిగి తీసుకున్నాను, స్కోపుతో (గురి చూసే దుర్బిణి) కలిపి దగ్గర దగ్గర 9 పౌండ్లు, ఆ రాళ్ల గట్లు ఎక్కి దిగేసరికి పట్టీ ఒరుసుకుని భుజం మీద ఎర్రగా వాత తేలింది. అందుకని ఈసారి సొంతంగా ఒకటి కొందామని. గ్రీన్ కార్డు ఉంది, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సూ అయిపోయింది, కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఏడాదికి రెండు మూడు సార్లకి మించి బయటికి తీయను. స్కోపు కాకుండా 600 డాలర్లు దాటకూడదు (ఇంట్లో చెప్పింది 500 అనుకోండి). రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ చూశాను, రెండూ మోడల్‌ని బట్టి 6-7 పౌండ్ల మధ్యే. యాక్సిస్ బోల్ట్ (తూటా ఎక్కించడానికి లాగే పిడి) లాగుతుంటే కాస్త గరగరమంది. పక్కనే ఉన్న టిక్కా టీ3ఎక్స్ లైట్ పట్టుకుంటే మాత్రం బోల్ట్ ఒక్క వేలితో లాగినా జారిపోయింది, కానీ ఆ రైఫిల్ ధర నా బడ్జెట్‌లో లేదు.

ఇంకో డౌట్. తుపాకీ తేలికయ్యేకొద్దీ భుజానికి తన్ను ఎక్కువ కదా, మరి తూటా రకాల్లో .308 కన్నా 6.5 క్రీడ్‌మూర్ గానీ .243 గానీ మేలా? ఎలాగూ 150 గజాలు దాటితే నేను కాల్చను. వాడినవాళ్లు చెప్పండి, టిక్కా కోసం ఇంకొన్నాళ్లు ఆగాలా, లేక రూగర్ తీసుకుని మిగిలింది మంచి స్కోపు మీద పెట్టాలా? సెకండ్ హ్యాండ్ అయినా నాకు పర్లేదు.