పెద్ద వయసులో పై దవడ వెడల్పు చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నా వయసు 31. పై దవడ ఇరుకుగా ఉంది. కుడివైపు వెనక పై పళ్లు కింది పళ్లకు లోపలగా పడుతున్నాయి. నమిలేటప్పుడు దవడ పక్కకి జరుగుతుంది, సాయంత్రానికి చెవి ముందు ఒకటే నొప్పి.

ఇద్దరు ఆర్థోడాంటిస్టులు (పళ్ల వరస సరిచేసే డాక్టర్లు) రెండు రకాలుగా చెప్పారు. ఒకరు అంగిట్లో మినీ స్క్రూలు బిగించి వాటి మీద ఎక్స్‌పాండర్ (దవడని మెల్లగా సాగదీసే పరికరం) పెడదామంటున్నారు, మార్పీ అంటారట. ఇంకొకరు ఈ వయసుకి అంగిలి మధ్య అతుకు గట్టిపడిపోయి ఉంటుంది, సార్పీ ఆపరేషన్‌తో ఎముక వదులు చేశాకే సాగదీయాలంటున్నారు. పళ్లకు మాత్రమే తగిలించే ఎక్స్‌పాండర్ మాత్రం ఇద్దరూ వద్దన్నారు. పెద్దవాళ్లలో ఎముక తెరుచుకోకుండా పళ్లే బయటికి ఒరిగి, చిగుళ్లు పళ్ల మీంచి వెనక్కి జరిగే ప్రమాదం ఉందట. అది నాకూ సబబే అనిపించింది.

మీకు సీబీసీటీ స్కాన్‌లో (దవడకి తీసే 3డి ఎక్స్‌రే) అతుకు ఎంతవరకు కలిసిందో చూశాకే నిర్ణయించారా? ఎక్స్‌పాండర్ స్క్రూ తిప్పడం మొదలుపెట్టాక ముందు పళ్ల మధ్య సందు వస్తే ఎముక విడిపోతున్నట్టేనని చదివాను. అది రాకపోతే ఏం చేశారు? మినీ స్క్రూల చుట్టూ వాపు రాకుండా ఎలా శుభ్రం చేసుకున్నారు?

నా అసలు టెన్షన్ మాట గురించి. రోజంతా క్లాసులు చెప్పే ఉద్యోగం నాది. వెడల్పయ్యాక కూడా కొత్త ఎముక నిండేదాకా కొన్ని నెలలు పరికరం తీయరంటున్నారు. త, ద, స పలకడం ఎన్నాళ్లకి కుదుటపడింది? దయచేసి మీకు ఏ వయసులో, ఏ పద్ధతిలో చేశారో కూడా రాయండి.