మెగాకోడ్‌లో ఫెయిల్ అయ్యాను, మానిటర్‌లో రిథమ్ బాగానే ఉంది కదా అనుకున్నా

నైట్‌డ్యూటీ సిస్టర్:

అందరికీ నమస్తే. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సుని. కువైట్ ఉద్యోగానికి ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్స కోర్సు) సర్టిఫికెట్ అడిగారు. పోయిన శని, ఆదివారాలు హైదరాబాద్ వెళ్ళి కోర్సు చేశాను. రాత పరీక్ష పాస్. మెగాకోడ్ (బొమ్మ మీద కేసు నడిపించి చూపే పరీక్ష) దగ్గర పోయింది.

కేసు ఇది. 58 ఏళ్ళ మనిషి, గుండె దడ. మానిటర్‌లో గుండె వేగం 190, సన్నటి కాంప్లెక్సులు (గుండె కొట్టుకునే గీతలు), బీపీ 110. వాల్సాల్వా (ఊపిరి బిగబట్టి ముక్కడం) చేయించి, తగ్గకపోతే దడ ఆపే అడినోసిన్ 6 మిల్లీగ్రాములు అన్నాను. పరీక్ష పెట్టే సార్ తల ఊపారు. వెంటనే కేసుని వీఎఫ్‌లోకి (గుండె కొట్టుకోకుండా వణికే స్థితి) తోశారు. షాక్, రెండు నిమిషాలు కంప్రెషన్లు, మళ్ళీ షాక్, అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము, మూడో షాక్, గుండె లయ సరిచేసే అమియోడరోన్ 300. గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. లోపల కొంచెం గర్వం కూడా వచ్చింది, దాచుకోను.

రెండు నిమిషాలకు ఆపి చూస్తే 70తో చక్కటి సైనస్, అంటే మామూలు గుండె లయ. "రిథమ్ వచ్చింది, బీపీ చూడండి, పన్నెండు లీడ్ల ఈసీజీ తీయండి" అన్నాను. బొమ్మ మీద నొక్కుతున్న అమ్మాయి చేతులు తీసేసింది. సార్ ఏమీ అనలేదు, గడియారం చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి, "సిస్టర్, పల్స్ ఉందా?" అన్నారు. నాకు గొంతు తడారిపోయింది. బొమ్మకి పల్స్ లేదు. అది పీఈఏ, మానిటర్‌లో గీత ఉన్నా నాడి లేని స్థితి. కంగారులో ఇంకో 150 అమియోడరోన్ అనేశాను, దాంతో పూర్తిగా మునిగాను.

ఫెయిలైనందుకు కాదు నా బాధ. మా వార్డులో కోడ్ బ్లూ (గుండె ఆగిన పేషెంటు కోసం పిలుపు) జరిగినప్పుడు గీత కదలగానే అందరం ఊపిరి పీల్చుకుంటాం. మెడ మీద వేలు ఎవరు పెట్టారని ఆలోచిస్తే ఒక్కరూ గుర్తు రావడం లేదు. రెండు రాత్రులుగా అదే తిరుగుతోంది బుర్రలో.

వచ్చే ఆదివారం రీటెస్ట్. పీఈఏని చేతికి ఎలా అలవాటు చేసుకోవాలి? స్ట్రోక్ (పక్షవాతం) స్టేషన్‌లో కూడా "ఇంటివాళ్ళని మొదట ఏం అడుగుతావు" అంటే "బీపీ ఉందా" అన్నాను. సార్ చూసిన చూపు చెప్పలేను.

పల్నాడు బ్రదర్:

సిస్టర్, మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పాత ప్రశ్నలన్నీ ఉన్నాయి, ఇన్‌బాక్స్‌లోకి రండి, టెన్షన్ పడకండి.

కడప అక్క (కువైట్):

పాత ప్రశ్నలు చదివే ఆ పిల్ల రాత పరీక్ష పాసైంది తమ్ముడూ. ఇప్పుడు పోయింది అది కాదు.

చెల్లీ, నేను పదిహేడేళ్ళుగా కార్డియాక్ ఐసీయూలో ఉన్నా. మొదటిసారి నేనూ ఇక్కడే పడ్డా. నాకు బుద్ధి వచ్చింది పుస్తకంలో కాదు, మా ఊళ్ళో.

మాది పులివెందుల దగ్గర పల్లె. మా నాయనకి చీనీ తోట, ఒక బోరు. స్టార్టరు డబ్బా మీద లైటు వెలుగుతుంటుంది, మోటారు గుర్రుమంటుంటుంది. ఆయన డబ్బా వైపు కన్నెత్తి చూడడు. నేరుగా తోటలోకి పోయి పైపు మూతి కింద చెయ్యి పెడతాడు. చెయ్యి తడిస్తేనే మోటారు ఆడినట్టు లెక్క. మానిటర్ ఆ స్టార్టరు డబ్బా అనుకో. కరెంటు వచ్చిందని మాత్రమే చెప్తుంది. నీళ్ళు పారుతున్నాయా లేదా అనేది మెడ దగ్గర కెరోటిడ్ నాడి చెప్పాలి.

లైటు వెలిగీ నీళ్ళు రాలేదంటే నాయన ఏం చేస్తాడు? మోటారుకి ఇంకో షాక్ ఇవ్వడు కదా. బోరు ఎండిందా, పైపులో ఏమైనా ఇరుక్కుందా అని వెతుకుతాడు. పీఈఏలో షాక్ లేదు, అమియోడరోన్ లేదు అనేది అందుకే. కరెంటు లోపం కాదది. అడ్రినలిన్ ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా, తర్వాత 3 నుంచి 5 నిమిషాలకొకసారి. నొక్కడం ఆగకూడదు, ఆ లోపల కారణం దొరకాలి.

ఐదు హెచ్‌లు, ఐదు టీలు (ఆ కారణాల పట్టిక) బట్టీ పట్టు, పరీక్షకి కావాలి. మంచం దగ్గర మాత్రం ఆ పది గుర్తు చేసుకుంటూ కూర్చోకు. "ఈ మనిషి ఎందుకొచ్చాడు, గంట ముందు మనం ఏం చేశాం" అని అడుగు. డయాలసిస్ రెండుసార్లు తప్పించుకుని వచ్చిన మనిషైతే పొటాషియం పెరిగిందేమో, కాల్షియం తీసి పెట్టు. మెడలో సెంట్రల్ లైన్ వేసిన పది నిమిషాలకు పడిపోతే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమో, రెండు పక్కలా స్టెత్ పెట్టు. కాన్పై రక్తం పోతున్న తల్లికైతే బోరు ఎండిందన్నట్టే. కాలు వాచి వారం నుంచి మంచం మీదున్నవాడు ఒక్కసారిగా కూలితే ఊపిరితిత్తుల్లో గడ్డ.

ఇంకొకటి, ఇది ఎవరూ నేర్పరు. రెండు నిమిషాలు అయ్యాక ఆపి, అప్పుడు పల్స్ కోసం వెతకొద్దు. ఆపడానికి పది సెకన్ల ముందే తొడ దగ్గరో మెడ దగ్గరో వేలు పెట్టి ఉంచు. నొక్కుతున్నప్పుడు తగులుతున్నది ఆపగానే పోయిందా, ఉందా, ఇట్టే తెలుస్తుంది. పది సెకన్లు దాటనివ్వకు. అనుమానంగా ఉంటే లేదనే లెక్క, మళ్ళీ నొక్కించు.

అంబు (ఊపిరి కొట్టే సంచి) పట్టుకున్నవాళ్ళని కూడా ఓ కంట కనిపెట్టు. మనవాళ్ళు సైకిల్ ట్యూబుకి గాలి కొట్టినట్టు కొడతారు. గొంతులో ట్యూబు వేశాక ఆరు సెకన్లకి ఒకటి, అంతే. ఎక్కువ గాలి పోతే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది.

ఈఎం (ఎమర్జెన్సీ మెడిసిన్) డాక్టర్, విశాఖ:

బోరు మాట బాగుంది, మా రెసిడెంట్లకి చెప్తాను. కానీ ఒక చిన్న అభ్యంతరం. వేలు కూడా అబద్ధం చెప్తుంది మేడమ్. హడావిడిలో మన సొంత వేలి కొసలో కొట్టుకునే నాడినే పేషెంటుదనుకున్న డాక్టర్లని చూశాను, అందులో నేనూ ఉన్నాను. అందుకే ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీ చూపే గొట్టం) ఉంటే దాన్ని చూడండి. ట్యూబు వేసి ఉంటే కాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచేది) చూడండి. 12, 15 దగ్గర నడుస్తున్న కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారి 40కి ఎగిరిందంటే రక్తం తిరగడం మొదలైనట్టే. 10 కూడా దాటడం లేదంటే ముందు నొక్కేవాళ్ళని మార్చండి. నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలు దాటితే ఎంత బలమైనవాడి చేతులైనా వాలిపోతాయి, అతను ఒప్పుకోడు.

మందుల వరస గుక్కతిప్పుకోకుండా చెప్పానన్నారు కదా సిస్టర్. 2018లో బ్రిటన్‌లో ఆసుపత్రి బయట గుండె ఆగిన ఎనిమిది వేల మందిలో సగం మందికి అడ్రినలిన్, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి చూశారు. నెల తర్వాత బతికున్నవాళ్ళు అడ్రినలిన్ వైపు 3.2 శాతం, సెలైన్ వైపు 2.4. మెదడు బాగుండి బయటపడ్డవాళ్ళలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అడ్రినలిన్ మానెయ్యమని కాదు. వీఎఫ్‌లో మనిషిని వెనక్కి తెచ్చేది ఆపకుండా నొక్కే చేతులు, ఆలస్యం కాని షాక్. మందు వాటి వెనకాల వస్తుంది. సిరంజి లోడ్ చేయడానికి అని కంప్రెషన్లు ఆపే వార్డు చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

మీ ఎస్‌వీటీ (కేసు మొదట్లోని ఆ గుండె దడ) గురించి కూడా. వాల్సాల్వా ఎలా చేయించారు? ముక్కు మూసుకుని ముక్కమంటే పెద్దగా పని చేయదు. సగం కూర్చోబెట్టి, 10 ఎంఎల్ సిరంజి ఇచ్చి, పిస్టన్ కదిలేలా 15 సెకన్లు ఊదమనండి. ఊదడం ఆపగానే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు 45 డిగ్రీలు పైకెత్తి ఇంకో 15 సెకన్లు పట్టుకోండి. 2015లో దీన్ని పరీక్షిస్తే 43 శాతం మందికి దడ ఆగింది, మామూలు పద్ధతిలో 17. అడినోసిన్ దాకా పోనక్కర్లేదు చాలాసార్లు. పోవాల్సి వస్తే మోచేతి మడత దగ్గర లావు నరం, వెంటనే 20 ఎంఎల్ ఫ్లష్, చెయ్యి పైకి. పేషెంటుకి ముందే చెప్పండి, కొన్ని సెకన్లు ప్రాణం పోతున్నట్టు ఉంటుందని. చెప్పకపోతే తర్వాత మిమ్మల్ని మంచం దగ్గరికి రానివ్వరు.

108 అంబులెన్స్ ఈఎంటీ, ఆదిలాబాద్ జిల్లా:

స్ట్రోక్ ప్రశ్నకి నేను చెప్తా సిస్టర్. మొదటి ప్రశ్న "ఆయన మంచిగ ఉన్నప్పుడు ఆఖరుసారి ఎప్పుడు చూసిన్రు?"

పోయిన చలికాలం ఉట్నూరు వైపు కాల్. పత్తి రైతు. పొద్దున ఆరింటికి లేపితే మూతి వంకర, కుడి చెయ్యి లేవడం లేదు, మాట లేదు. ఇంటినిండా జనం, ఒకరు నీళ్ళు తాగించబోతున్నారు. ముందు ఆ గ్లాసు లాక్కున్నా, మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకే పోతాయి. షుగర్ చూశా, 142. ఇది చూడకుండా స్ట్రోక్ అనొద్దు. షుగర్ పడిపోయినా అచ్చం ఇట్లనే ఉంటది. ఒకసారి 38 ఉన్న ముసలమ్మకి డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తే పది నిమిషాల్లో లేచి నన్నే తిట్టింది.

ఎప్పుడైందంటే కొడుకు "ఆరింటికి" అన్నాడు. అది చూసిన టైమ్, అయిన టైమ్ కాదు. పడుకునేటప్పుడు బాగున్నాడా అంటే, రాత్రి పదింటికి బాగున్నాడు. ఆ లెక్కన ఎనిమిది గంటలు దాటినట్టే, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ఉండేది నాలుగున్నర గంటలు. మధ్యలో ఎవరైనా చూసిన్రా అని మళ్ళీ అడిగా. మూలకు కూర్చున్న భార్య అప్పుడు నోరు విప్పింది. "నాల్గింటికి లేచి ఎడ్లకు గడ్డేసి వచ్చిండు, సలి బాగుంది అన్నడు." ఆ ఒక్క మాటతో లెక్క నాలుగింటి నుంచి మొదలైంది. ఎనిమిదిన్నర దాకా టైముంది.

బండి కదలకముందే సీటీ ఉన్న ఆసుపత్రికి ఫోన్ కొట్టి ఆ టైమ్ చెప్పా. ఆమెను బండిలో ఎక్కించుకున్నా, అక్కడ డాక్టర్ మళ్ళీ అడుగుతాడని. బీపీ 190/100. దారిలో ముట్టుకోలేదు. నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారి దించితే అసలే రక్తం అందని మెదడుకి ఉన్నది కూడా పోతది. ఇంజెక్షన్‌కి ముందు 185/110 కిందికి తేవడం డాక్టర్లు చూసుకుంటారు. ఆస్పిరిన్ కూడా స్కాన్ ముందు ఇయ్యలేదు, లోపల రక్తస్రావమైతే? 7:50కి చేర్చాం. స్కాన్‌లో రక్తస్రావం లేదు, 8:20కి ఇంజెక్షన్ మొదలైంది. తర్వాత ఎట్లున్నాడో తెలియదు, ఇంకో కాల్ వచ్చింది.

నాలుగున్నర దాటిందని చెప్పి తీరిగ్గా తోలొద్దు. పెద్ద నరంలో గడ్డైతే తీగ పంపి లాగే పద్ధతి ఉంది, కొందరికి 24 గంటల దాకా చేస్తారు.

నైట్‌డ్యూటీ సిస్టర్:

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. నిన్న రీటెస్ట్ అయింది. పీఈఏ కోసం వారమంతా సిద్ధమైతే బ్రాడీకార్డియా (గుండె మరీ నెమ్మదించడం) ఇచ్చారు. గుండె వేగం 38, బీపీ 80/50, మగత. గుండె వేగం పెంచే అట్రోపిన్ 1 మిల్లీగ్రాము, ఫలితం లేదు. పేసర్ (ఛాతీ మీది నుంచి కరెంటుతో గుండెని కొట్టించే యంత్రం) పెట్టాను. కరెంటు పెంచుతూ పోతే పేసర్ గీసే ప్రతి స్పైక్ వెనక వెడల్పాటి క్యూఆర్ఎస్ (గుండె స్పందించిన గీత) వచ్చింది, నిమిషానికి 70. చేతులు బీపీ వైపు పోతుంటే స్టార్టరు డబ్బా గుర్తొచ్చింది. కండరాలు ఎగురుతుంటాయి కాబట్టి మెడ వదిలేసి తొడ దగ్గర వేలు పెట్టి, "పల్స్ ఉంది, 70" అన్నాకే బీపీ అడిగాను. సార్ నవ్వలేదు. కాగితం మీద ఒక టిక్ పెట్టారు.

ఇవాళ రాత్రి డ్యూటీలో మా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని ఒకటి అడిగాను. ఇకపై కోడ్ బ్లూ అయితే పల్స్ చూడ్డానికి ఒకరిని ముందే పేరు పెట్టి పిలుద్దామని. "రాసి క్రాష్ కార్ట్ మీద అంటించు" అన్నారు, అదే మా అత్యవసర మందుల బండి.

కడప అక్క (కువైట్):

శభాష్. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి తే, డబ్బా గట్టిగా కట్టించు, పోయినసారి ఒకామె తెస్తే బట్టలన్నీ నూనె.