మొదటి రోడ్ బైక్: తక్కువ డబ్బులో దేనికి ముందు విలువ ఇవ్వాలి

ప్రశ్న

నమస్కారమండీ. ఈ దేశానికి వచ్చి కొద్ది వారాలే అయింది. ఉండే చోటి నుంచి పనికి వెళ్ళే చోటు సైకిల్ మీద వెళ్ళగలిగినంత దూరంలోనే ఉంది. సెలవు రోజుల్లో ఇంకాస్త దూరం తొక్కాలని కూడా కోరిక. చిన్నప్పుడు మామూలు సైకిల్ తొక్కాను గానీ వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ బైక్ ఎప్పుడూ ముట్టుకోలేదు. కొత్తది కొనాలా, వాడినది కొనాలా, వాడిన కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ సైకిల్ చౌకగా వస్తే తీసుకోవచ్చా, డిస్క్ బ్రేకులు తప్పనిసరా అన్నది తేలడం లేదు. చేతిలో ఉన్న డబ్బు తక్కువ. ఒకసారి కొన్నాక మళ్ళీ కొన్నాళ్ళ పాటు దీని మీద ఖర్చు పెట్టగలిగే స్థితి లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

సమాధానం

నమస్కారం. కార్బన్, డిస్క్, కొత్త, పాత అన్నీ అడిగారు గానీ, వాటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి మీ ప్రశ్నలో లేదు: ఆ సైకిల్ మీ ఒంటి కొలతకు సరిపోతుందా లేదా అన్నది. గేర్లు అరిగితే మార్చుకోవచ్చు, చక్రం వంకర పోతే సరిచేయించుకోవచ్చు, సీటు కుదరకపోతే వేరేది వేయించుకోవచ్చు. ఫ్రేమ్ కొలత తప్పితే మాత్రం చేయగలిగినది దాదాపు ఏమీ ఉండదు. సగం ధరకే వచ్చిందని సంబరపడి తెచ్చుకున్న సైకిల్, మెడనొప్పీ చేతుల తిమ్మిరీ భరించలేక నెల తిరిగేసరికి గోడకు ఆనించి ఉండిపోతుంది. డబ్బు తక్కువగా ఉన్నవారికి అంతకు మించిన నష్టం లేదు.

ఇంట్లోనే తీసుకోగలిగిన కొలత ఒకటి చెబుతాను. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి పడుతుందో అంత గట్టిగా పైకి నొక్కిపట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు వరకు ఎన్ని సెంటీమీటర్లు ఉందో వేరొకరి చేత కొలిపించండి. ఆ సంఖ్యను 0.883తో హెచ్చవేస్తే, పెడళ్ళు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం వరకు ఉండవలసిన ఎత్తు ఉజ్జాయింపుగా వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లైతే సీటు ఎత్తు సుమారు 70.6 అన్నమాట. 1986, 1989, 1990లలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ఈ లెక్క వాడుకలోకి వచ్చింది. అది మొదలుపెట్టడానికి మాత్రమే; తొక్కుతూ కొన్ని మిల్లీమీటర్లు పైకో కిందికో జరుపుకోవాలి. పెడల్ అడుక్కు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, నడుము పక్కలకు ఊగకూడదు.

సీటు ఎత్తు ఎలాగూ మార్చుకోగలిగినదే. అసలు చిక్కు చేతులు ముందుకు చాచవలసిన దూరంలో ఉంటుంది. ఫ్రేమ్ మీద 52, 54, 56 అని వేసే సంఖ్యలను మాత్రమే నమ్మి కొనకండి. ఒక కంపెనీ 54కూ మరో కంపెనీ 54కూ పొంతన ఉండకపోవచ్చు. దాదాపు అన్ని పేరున్న కంపెనీలూ తమ సైకిళ్ళకు స్టాక్, రీచ్ అనే రెండు కొలతలు ప్రకటిస్తాయి. పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి హ్యాండిల్ కిందనున్న హెడ్ ట్యూబ్ పై అంచు ఎంత ఎత్తులో ఉందో స్టాక్ చెబుతుంది, ఎంత ముందుకు ఉందో రీచ్ చెబుతుంది. స్టాక్ ఎక్కువగా, రీచ్ తక్కువగా ఉన్న ఫ్రేమ్ మీద వీపు మరీ వంగదు. ఎండ్యూరెన్స్ అన్న పేరుతో అమ్మేవి ఈ తరహావి. పనికి వెళ్ళిరావడానికీ, అలవాటు లేని వీపుకూ ఇవే నయం. పందేల కోసం చేసిన ఫ్రేమ్ ఎంత అందంగా కనిపించినా మొదటి సైకిల్‌గా దాన్ని నేను సూచించను.

తొక్కి చూడనివ్వని చోట కొనవద్దు. తొక్కేటప్పుడు అరచేతులను బ్రేక్ లివర్ల మీదనున్న రబ్బరు తొడుగుల మీద ఆనించండి. మోచేతులు కాస్త వంగి, భుజాలు చెవుల దాకా ముడుచుకుపోకుండా ఉంటే కొలత కుదిరినట్టే. చేతులు కర్రల్లా బిగుసుకుపోయి, ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతుంటే ఆ సైకిల్ మీకు పొడవు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌ను పొట్టిదిగా మార్చి ఒకటి రెండు సెంటీమీటర్లు సర్దుకోవచ్చు గానీ అంతకు మించి సాగదు.

ఇక డబ్బు సంగతి. ఉన్నదంతా సైకిల్ మీదే పెట్టవద్దు. మొత్తంలో కనీసం అయిదో వంతు, వీలైతే నాలుగో వంతు పక్కన ఉంచి మిగిలినదే సైకిల్ ధర అనుకోండి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, గట్టి తాళం, గాలి పంపు, రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు, పంక్చర్ అతుకులు అందులోంచే రావాలి. కొత్త రోడ్ బైకులు చాలా వాటికి పెడళ్ళు కూడా ఉండవు. మొదట మామూలు చదును పెడళ్ళే వేయించుకోండి. హెల్మెట్ మాత్రం ఎంత చౌకగా వచ్చినా వాడినది తీసుకోవద్దు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి నురగ నలిగిపోయి ఉన్నా పైకి కనిపించదు. రాత్రి పూట లైట్లు చాలా దేశాల్లో చట్టం ప్రకారం తప్పనిసరి, మీరున్న చోటి నిబంధన ముందే తెలుసుకోండి.

కొత్తదా, వాడినదా అంటే, చేతిలో ఉన్న డబ్బుకు వాడిన సైకిళ్ళలోనే మేలైనది దొరుకుతుంది. అయితే చూడవలసినవి చూసి కొన్నప్పుడే ఆ లాభం మీకు దక్కుతుంది. వెళ్ళేటప్పుడు ఒక స్కేలు, చిన్న టార్చి వెంట తీసుకువెళ్ళండి. ముందుగా ఫ్రేమ్‌ను బోర్లించి, ముందు చక్రం దగ్గర కింది గొట్టం హెడ్ ట్యూబ్‌తో కలిసే చోట టార్చి వేసి, వేలితో తడిమి చూడండి. అక్కడ రంగు ముడతలు పడినా, సన్నగా చిట్లినా ఆ సైకిల్ దేనికో ఎదురుగా గుద్దుకుందని అనుమానించాలి. ధర ఎంత తగ్గించినా వదిలేయండి. తరువాత ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ మొదట్లో టక్కుటక్కుమంటే హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుల భాగం, వదులుగా ఉన్నట్టు. ముందు చక్రాన్ని పైకెత్తి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పితే, సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు గాడిలో పడినట్టు ఆగుతుంటే బేరింగులు చెడ్డట్టు. పెడల్ చేతులను పట్టుకుని పక్కలకు కదపండి, ఆడితే అక్కడా పని ఉంది. సీటు బోల్టు వదులు చేసి, సీటును మోసే గొట్టం, అంటే సీట్‌పోస్ట్, పైకీ కిందికీ కదులుతోందో లేదో తప్పక చూడండి. తుప్పు పట్టి బిగుసుకుపోయిన సీట్‌పోస్ట్‌ను ఊడదీయడం ఒక్కోసారి సైకిల్ కన్నా ఎక్కువ ఖర్చు.

చైన్ కొలవడం అయిదు క్షణాల పని. ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెట్టి 12 అంగుళాల గీత దగ్గర చూడండి. కొత్త చైన్‌లో ఆ గీత మీద మరో పిన్ను మధ్యభాగం సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు జరిగితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే చైన్‌తో పాటు వెనక పళ్ళ చక్రాలు, అంటే క్యాసెట్ కూడా అరిగిపోయి ఉంటుంది. అది వద్దనడానికి కారణం కాదు, ధర తగ్గించమనడానికి కారణం. రిమ్‌ను పట్టే బ్రేకులైతే బ్రేకు రాసుకునే అంచు లోపలికి గుంట పడిందేమో వేలితో తడమండి. పడితే చక్రమే మార్చాలి.

గేర్ల విషయంలో సైకిల్ విడిభాగాలు చేసే షిమానో కంపెనీ వారి క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అన్న పేర్లు వింటారు. క్లారిస్‌లో వెనక 8 పళ్ళ చక్రాలు, సోరాలో 9, టియాగ్రాలో 10, 105లో తరాన్ని బట్టి 10, 11, 12. మొదటి సైకిల్‌కు ఏదైనా సరిపోతుంది. 8 గేర్ల చైన్, క్యాసెట్ చవకగా దొరుకుతాయి, తొందరగా పాడు కావు కూడా. సంఖ్య కోసం ఎక్కువ ఇవ్వకండి గానీ రెండు విషయాల్లో పట్టుదల ఉండాలి. బ్రేకు లివర్‌తోనే గేర్లు మార్చగలిగే తరహా కావాలి, ఎందుకంటే రద్దీ రోడ్డు మీద హ్యాండిల్ వదిలి చేయి చాచడం ప్రమాదం. రెండోది, ఎత్తు ఎక్కడానికి తగిన తేలిక గేరు ఉండాలి: ముందు 50, 34 పళ్ళు, వెనక పెద్దదానికి 30 నుంచి 34 పళ్ళు ఉంటే కొత్తవారి మోకాళ్ళు బతుకుతాయి. ముందు 53, 39, వెనక 25 ఉన్న పాత పందెపు సైకిల్ చిన్న చిన్న మిట్టల మీదనే ఊపిరి ఆడనివ్వదు.

డిస్క్ బ్రేకులు వానలో నమ్మకంగా పట్టుకుంటాయి. అయినా తప్పనిసరి కాదు. వాడిన వాటిలో మంచి రిమ్ బ్రేకు సైకిళ్ళు అదే నాణ్యతకు తక్కువకు వస్తాయి, బాగుచేసుకోవడమూ సులువు. చవకరకం తీగ డిస్కుల కన్నా మంచి రిమ్ బ్రేకులే మేలని నా అభిప్రాయం. బ్రేకు ఏదైనా, ఎంత వెడల్పు టైరు పడుతుందో అడగండి. 28 మిల్లీమీటర్లు పట్టాలి, 32 పడితే ఇంకా మంచిది. వెడల్పు టైరులో గాలి కాస్త తక్కువ కొట్టుకోవచ్చు, గతుకులు ఒంటికి తెలియవు. మడ్‌గార్డులు, సామాను స్టాండు బిగించడానికి ఫ్రేమ్ మీద మరలు పట్టే రంధ్రాలు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి, రోజూ పనికి వెళ్ళేవారికి అవి కావాలి.

వాడిన కార్బన్ జోలికి ఈసారికి పోవద్దు. అల్యూమినియం సొట్టపడితే కంటికి కనిపిస్తుంది, స్టీలు వంగితే తెలుస్తుంది. కార్బన్‌లో పగులు రంగు కింద దాగి ఉండి ఒక్కసారిగా విరిగే అవకాశం ఉంది, దాన్ని పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) ఉన్న అల్యూమినియం ఫ్రేమ్ మీ అవసరానికి చక్కగా సరిపోతుంది.

దొంగ సొత్తు విషయంలో జాగ్రత్త. పెడళ్ళ ఇరుసు కింద ఫ్రేమ్ మీద సాధారణంగా సీరియల్ నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని గీకేసి ఉన్నా, అమ్మేవారు తొలి రసీదు గురించి దాటవేస్తున్నా వెనక్కి వచ్చేయండి. కొత్త దేశంలో ఆ తలనొప్పి మీకు వద్దు. కొన్నాక ఆ నంబరును మీరు కూడా రాసి పెట్టుకోండి.

మరొకరి చేర్పు

పై సలహాలన్నిటితో ఏకీభవిస్తాను. ఒక్కటి మాత్రం కలపాలనిపించింది. అమెరికాలో అమ్మే సైకిళ్ళకు సాధారణంగా ఎడమ లివర్ ముందు బ్రేకును పడుతుంది. బ్రిటన్‌లో కుడి లివర్ ముందుది. ఒక పద్ధతికి అలవాటు పడిన చేయి కంగారులో రెండోదాన్ని గట్టిగా నొక్కితే ముందు చక్రం పట్టుకుని మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడవచ్చు. కొన్న రోజునే ఖాళీ స్థలంలో ఏది ఏదో నొక్కి చూసుకోండి. తీగ బ్రేకులైతే రెండూ మార్పించుకోవడం చిన్న పని. ఇంకొకటి, మనలో చేతులు చిన్నవిగా ఉన్నవారు, ముఖ్యంగా స్త్రీలు, లివర్లు అందడం లేదని వంపు హ్యాండిలే వద్దనుకుంటారు. చాలా లివర్లలో దగ్గరకు జరుపుకునే చిన్న మర ఉంటుంది, దుకాణంలోనే అడిగి సర్దించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఈలోగా పాత స్టీలు సైకిల్ ఒకటి చాలా తక్కువకు కనిపించింది. కొలత కుదిరింది, ఫ్రేమ్ శుభ్రంగా ఉంది. టైరు మీద 27 × 1¼ అని ఉంది, గేరు మార్చే మీటలు కింది గొట్టం మీద ఉన్నాయి. తీసుకోవచ్చా?

సమాధానం

వద్దండీ. ఆ 27 అంగుళాల రిమ్‌లో టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు. నేటి రోడ్ బైకుల 700సీ చక్రాలకు 622. చూడడానికి ఒకేలా ఉన్నా ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు, 630 టైర్లలో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. మీటలు కింది గొట్టం మీద ఉన్నాయంటే గేరు మార్చిన ప్రతిసారీ హ్యాండిల్ వదలాలి. రిమ్‌లు తళతళలాడే స్టీలువైతే తడిలో బ్రేకు సరిగా పట్టదు. చక్రాలు, బ్రేకులు, మీటలు మార్చుకుంటూ పోతే ఇప్పుడు మిగిలిందనుకున్న డబ్బంతా అక్కడే అయిపోతుంది.

తరువాత చూడబోయే సైకిల్ టైరు పక్కన సన్నటి అక్షరాల్లో 28-622 లాంటి సంఖ్య వెతకండి. మొదటిది వెడల్పు, రెండోది వ్యాసం. అది కనిపించాక కంపెనీ పేరు, మోడల్, ఏ ఏటిదో, మీ కాలి కొలత ఇక్కడ రాయండి. స్టాక్, రీచ్ తీసి చూసి, వెళ్ళి తొక్కి చూడడం దండగో కాదో చెబుతాను.