మా అమ్మాయి పియానో మీదే బతుకుతానంటోంది. అసలు వాళ్ళు రోజూ చేసే పని ఏమిటి?

కూకట్‌పల్లి నాన్న

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మాయికి 16 నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడేళ్ళప్పుడు పక్క అపార్ట్‌మెంట్‌లో కీబోర్డు నేర్పుతున్నారంటే వేసవి సెలవల్లో చేర్పించాం, కాస్త అల్లరి తగ్గుతుందని. అదే ఇంతదాకా వచ్చింది, ఇప్పుడు పియానోలో ఎనిమిదో గ్రేడు కూడా అయిపోయింది. మొన్న భోజనాల దగ్గర మెల్లిగా బయటపెట్టింది, ఎంసెట్ కోచింగ్ మానేస్తానని, వెస్టర్న్ క్లాసికల్ పియానోనే చదువుతానని, జర్మనీ వెళ్తానని. వాళ్ళమ్మ గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

నాకు కోపం రాలేదు. నాకు ఏమీ తెలియదు, అదీ బాధ. డాక్టరు పొద్దున లేచి ఎక్కడికి వెళ్తాడో తెలుసు, ప్లీడరు ఎక్కడికి వెళ్తాడో తెలుసు. పియానిస్టు అనగానే యూట్యూబులో నల్లకోటు వేసుకుని వాయించేసి, లేచి వంగి దండం పెట్టేవాళ్ళే కనిపిస్తారు. అలాంటివాళ్ళు ఎందరుంటారు చెప్పండి. మిగతావాళ్ళ సంగతేంటి? నెల జీతం ఉంటుందా, ఇచ్చేది ఎవరు, సోమవారం పొద్దున ఏ గుమ్మం ఎక్కుతారు? "పిల్ల కలను గౌరవించండి" లాంటి మాటలు వద్దు, ఆ సంగతి నేను చూసుకుంటాను. పని గురించి చెప్పండి.

నైట్‌షిఫ్ట్

సార్, ముందు బీటెక్ చేయించండి. పియానో ఎక్కడికీ పోదు, ఇంట్లోనే ఉంటుంది.

గుంటలో గుమాస్తా

నైట్‌షిఫ్ట్ గారూ, పియానో ఎక్కడికీ పోదు నిజమే, వేళ్ళు పోతాయి. 18 నుంచి 22 ఏళ్ళ మధ్య రోజుకి నాలుగైదు గంటలు కూర్చోనివాడు ఆ తర్వాత ఎంత కూర్చున్నా ఆ లోటు పూడదు. అయినా మీరన్న భయంలో తప్పులేదు, మా ఇంట్లోనూ ఇదే మాట అన్నారు.

నాన్నగారూ, మాది విజయనగరం. జర్మనీలో ఓ మధ్యరకం ఊళ్ళో ఒపేరా (పాటలతో నడిచే నాటకం) థియేటర్లో ఆరో ఏడాదిగా పనిచేస్తున్నాను. నా ఉద్యోగాన్ని కొరెపెటిటోర్ అంటారు. ఒపేరా రిహార్సళ్ళు వారాల తరబడి జరుగుతాయి, అన్నాళ్ళూ అరవై మంది ఆర్కెస్ట్రాని కూర్చోబెట్టి జీతాలివ్వడం ఎవరివల్లా కాదు కదా, అందుకని చివరి రోజులదాకా ఆ ఆర్కెస్ట్రా అంతా ఒక్క పియానోయే. వయొలిన్లు, బూరలు, డోళ్ళు అన్నీ కుదించి రెండు చేతులకి రాసిన స్వరపుస్తకం ఒకటి ఉంటుంది, అందులో ఉన్నదంతా వాయించాలంటే మూడో చెయ్యి కావాలి. ఏది వాయించాలో కన్నా ఏది వదిలేయాలో తెలియడమే ఈ పనిలో సగం.

పొద్దున పదింటికి మొదటి రిహార్సల్, ఒంటిగంటో రెండో అవుతుంది. మధ్యాహ్నం ఒక్కో గాయకుణ్ణి విడిగా కూర్చోబెట్టుకుని పాట నేర్పాలి, అంటే స్వరం, ఉచ్చారణ, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, అన్నీ. సాయంత్రం ఆరు నుంచి పదిదాకా మళ్ళీ రిహార్సలో ప్రదర్శనో. సొప్రానో (పైస్థాయి ఆడగొంతు) ఒక్కతే వచ్చి టెనర్ (పైస్థాయి మగగొంతు) రాకపోతే టెనర్ పాట నేనే పాడుతూ వాయిస్తాను. నా గొంతు కప్పగొంతు, దాన్ని ఎవరూ పట్టించుకోరు, సరైన చోట సరైన మాట పడితే చాలు. కళ్ళు మాత్రం స్వరాల మీద కాదు, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ చేతిమీద ఉండాలి. ఈ ఉద్యోగానికి ఆడిషన్లో చాలాచోట్ల కార్మెన్ ఒపేరాలో ఐదుగురు కలిసి పాడే ఘట్టమో, మొజార్ట్ ఫిగారోలో రెండో అంకం ముగింపో ఇచ్చి పాడుతూ వాయించమంటారు. నేను ఫిగారో మీద మూడుచోట్ల ఫెయిలయ్యాను, నాలుగోచోట తీసుకున్నారు.

చిన్న పనేమీ కాదిది. తర్వాత పెద్ద కండక్టరైన జార్జ్ షోల్టీ అంతవాడు బుడాపెస్ట్ ఒపేరాలో ఇదే పనితో మొదలయ్యాడు, 1937లో సాల్జ్‌బర్గ్‌లో తోస్కానీని అనే మహా కండక్టర్ రిహార్సళ్ళకి పియానో వాయించాడు, ఆ మరుసటి ఏడుగానీ సొంతంగా ఒపేరా నడిపే అవకాశం రాలేదు.

జీతం నెలనెలా వస్తుంది, ఇన్సూరెన్సు ఉంటుంది, పింఛనుకి కడతారు. అయితే ఒక మెలిక ఉంది. వేదిక ముందు గుంటలో కూర్చునే ఆర్కెస్ట్రావాళ్ళకి పర్మనెంటు, మాకు గాయకులతో పాటు ఏడాది కాంట్రాక్టు. అక్టోబర్ 31లోగా "వచ్చే సీజన్‌కి వద్దు" అని కాగితం చేతికి రాకపోతే ఇంకో ఏడాది ఉన్నట్టే. మేనేజరు మారిన ఏడాది మరీ టెన్షన్. అక్టోబర్ చివరి వారంలో మా ఆఫీసు వైపు నడిచేవాళ్ళ మొహాలు చూస్తే ఇంటర్ రిజల్ట్స్ రోజు గుర్తొస్తుంది.

థియేటర్లే కాదు. బ్యాలే క్లాసులకి వాయించేవాళ్ళున్నారు, సంగీత కాలేజీల్లో వయొలిన్, ఫ్లూట్ పిల్లల పరీక్షలకి పక్కన వాయించేవాళ్ళున్నారు, ఇంకా పెద్ద సంఖ్యలో పాఠాలు చెప్పేవాళ్ళున్నారు. చర్చి ఆర్గనిస్టులది వేరే లోకం. జర్మన్ సంగీతకర్త బాఖ్ 1705లో ఆర్న్‌ష్టాట్ చర్చిలో నాలుగు వారాల సెలవు తీసుకుని, బుక్స్‌టెహూడె అనే పేరున్న ఆర్గనిస్టు వాయించేది వినడానికి 400 కిలోమీటర్ల దూరం నడిచి ల్యూబెక్ వెళ్ళాడు, నాలుగు నెలల దాకా తిరిగి రాలేదు, వచ్చాక పెద్దలు పిలిచి సంజాయిషీ అడిగారు. ఆ తర్వాతెప్పుడో 1730లో లైప్‌జిగ్ నుంచి స్నేహితుడికి రాసిన ఉత్తరం ఇంకా బావుంటుంది. ఏడాదికి 700 థాలర్ల (అప్పటి వెండి నాణేలు) దాకా వస్తోందట, అందులో శవయాత్రలకిచ్చే రుసుములు కూడా భాగం, కిందటేడు గాలి మంచిదై జనం పెద్దగా చచ్చిపోకపోవడంతో 100 థాలర్లకి పైగా నష్టపోయానని వాపోయాడు! మా వృత్తిలో ఆదాయం సంగతి ఇప్పటికీ దాదాపు అంతే.

తెనాలి పెట్టె

గుమాస్తా గారూ, మీరు రాసింది చదువుతుంటే మా నాన్నే కళ్ళముందు కనిపించాడండీ. ఆయన పద్యనాటకాలకి హార్మోనిస్టు. రాత్రి పదింటికి తెర లేస్తే కోడి కూసేదాకా పెట్టె ముందే. కృష్ణుడి వేషం వేసేవాడు ఐదు శ్రుతి, అర్జునుడు నాలుగున్నర, ద్రౌపది ఇంకో మెట్టు. సీను సీనుకీ మారుస్తూ, నటుడు పద్యం ఎత్తుకునే ముందే వాడి శ్రుతి వాడి చెవిలో వేయాలి. పడకసీనులో జనం వన్స్‌మోర్ అన్నారంటే నటుడికి గొంతు ఎండిపోయినా ఆ రాగం సాగదీసి వాడు నీళ్ళు తాగేంత టైము ఇచ్చేది నాన్నే. ఒకసారి ఓ పెద్దనటుడు పద్యం మధ్యలో మర్చిపోతే, తర్వాతి పాదం మొదటి మాటని నాన్న పెట్టెమీద స్వరంగా వాయించి అందించాడు. చప్పట్లు కృష్ణుడికి పడ్డాయి. కాంట్రాక్టరు ఇచ్చే డబ్బులోనూ అదే వరస.

హార్మోనియానికి ఇంకో ఖర్మ. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో దానికి ప్రవేశమే లేదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారడం ఆ మెట్లకి రాదనీ, గమకం పలకదనీ వాదన. వాదనలో నిజం లేకపోలేదు. కానీ స్టేషన్లో పనికిరాదన్న పెట్టె లేకుండా మా ఊళ్ళో తెర లేచేది కాదు.

అసలు విషయానికి వస్తే, మీ అమ్మాయికి ఒంటరిగా వాయించడం ఇష్టమా, ఇంకొకరి పక్కన వాయించడం ఇష్టమా? అది ముందు కనుక్కోండి.

ఎడమచెయ్యి

బెంగళూరులో పియానో పాఠాలు చెప్పుకుంటున్నాను, పదకొండేళ్ళయింది. పైన ఎవరూ చెప్పని రెండు విషయాలు.

పాఠాలు చెప్పడమంటే కచేరీలు దొరకనివాళ్ళు చేసే పని అనుకుంటారు. పియానో సంగీతకర్తల్లో అంత పేరున్న షొపాన్ చివరి 18 ఏళ్ళలో బయట వాయించింది ముప్ఫై సార్ల దాకానే. ఇల్లు గడిచింది పారిస్‌లో పెద్దింటి ఆడపిల్లలకి చెప్పిన పాఠాల మీద, పాఠానికి 20 ఫ్రాంకులు. కాకపోతే మన దగ్గర మీరు అడిగిన సోమవారం పొద్దున మాకు ఖాళీయే, ఎందుకంటే పిల్లలు బడిలో ఉంటారు. మా రోజు సాయంత్రం నాలుగింటికి మొదలై ఎనిమిదిన్నరకి అవుతుంది. శని ఆదివారాలు పొద్దస్తమానం అన్నట్టే. ఏప్రిల్, మేల్లో ఊళ్ళకి పోతారు, ఫీజు రాదు. గ్రేడు పరీక్షల ముందు మాత్రం నిద్ర ఉండదు. అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి.

రెండోది చెయ్యి. నాకు 23వ ఏట కుడిచేతి ఉంగరపువేలు, చిటికెనవేలు చెప్పిన మాట వినడం మానేశాయి. నొప్పి లేదు, వాటంతటవే లోపలికి ముడుచుకుపోతాయి, అంతే. అప్పటికి ఏడాదిగా మణికట్టు బిగుసుకుపోతోందని చెబితే మా టీచరు ఇంకా గట్టిగా సాధన చెయ్యమన్నారు, నేనూ చేశాను. తర్వాత తెలిసింది దీన్ని ఫోకల్ డిస్టోనియా అంటారని. లియాన్ ఫ్లైషర్‌కి 1960ల మధ్యలో సరిగ్గా ఇదే వచ్చింది, అప్పటికాయన అమెరికాలో పేరుమోసిన పియానిస్టు. కుడిచెయ్యి పోయాక పాఠాలు చెప్పాడు, ఆర్కెస్ట్రా నడిపాడు, ఎడమచేతికి రాసినవి వాయించాడు, మూడు దశాబ్దాల తర్వాత బొటాక్స్ ఇంజెక్షన్లతో కుడిచెయ్యి కొంత తిరిగొచ్చింది. ఆ ఎడమచేతి సంగీతంలో మంచిది చాలావరకు పౌల్ విట్‌గెన్‌ష్టైన్ రాయించినదే, మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న వియన్నా పియానిస్టు. ఫ్రెంచి సంగీతకర్త రావెల్ చేత రాయించుకున్న కన్చెర్టోని (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) 1932లో వాయించాడు.

భయపెట్టాలని కాదండీ. మీ పాప మణికట్టు నొప్పి అంటే "అలవాటవుతుంది" అనకండి, ఎవరన్నా అన్నా వినకండి. ఇప్పటినుంచే గంటకోసారి లేచి తిరగాలి.

ఇంకోమాట, ఇంట్లో నిజం పియానో కొనే ఆలోచన ఉంటే ముందు దగ్గర్లో ట్యూనర్ ఉన్నాడేమో చూసుకోండి. ఒక్కో పియానోలో 230 దాకా తీగలుంటాయి, వానాకాలం తేమకి చెక్క ఉబ్బి మెట్లు పట్టేస్తాయి. మా ఇంట్లో జూలై వస్తే ఒక మెట్టు కిందికి వెళ్ళి పైకి రాదు, పిల్లలు దానికి "సోమరిపోతు" అని పేరు పెట్టారు.

నైట్‌షిఫ్ట్

సరే, నేను ఒప్పుకుంటున్నాను, నాకు తెలియని ఉద్యోగాలే ఇన్ని ఉన్నాయి. కానీ ఫీజుల సంగతి ఎవరూ మాట్లాడరేం?

గుంటలో గుమాస్తా

మంచి ప్రశ్న. జర్మనీలో సంగీత విశ్వవిద్యాలయాలు ఎక్కువ ప్రభుత్వానివే, చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళకి సెమిస్టరుకి 1500 యూరోలు. ఇంటద్దె, తిండి మనమే చూసుకోవాలి. అసలు అడ్డంకి డబ్బు కాదు, ప్రవేశపరీక్ష. ఒక్కో సీటుకి ప్రపంచం నలుమూలల నుంచి పిల్లలు వస్తారు. జర్మన్ భాష రావాలి. ఎనిమిదో గ్రేడు అక్కడ ముగింపు కాదు, గుమ్మం కూడా కాదు, వీధి మొదలు.

మన పిల్లల్లో నేను చూసిన లోపం ఒకటే. గ్రేడు పరీక్షకి మూడు నాలుగు పాటలు ఏడాదంతా రుద్ది రుద్ది అద్భుతంగా వాయిస్తారు, కొత్త కాగితం ముందు పెడితే చేతులాడవు. మాకు కొత్త కాగితమే అన్నం పెడుతుంది. అందుకని పెట్టెగారు అడిగిన ప్రశ్ననే నేను ఇంకోలా అంటాను, ఆమెను ఎవరైనా పాడేవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. సికింద్రాబాద్‌లో చర్చి కాయిర్లు (పాటల బృందాలు) ఉన్నాయి కదా, రిహార్సల్‌కి వాయిస్తానంటే ఎవరూ కాదనరు. డబ్బులివ్వరు, అది వేరే సంగతి.

కూకట్‌పల్లి నాన్న

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. గుమాస్తా గారి మాట విని ఒక కాయిర్ వాళ్ళని అడిగాను, వెంటనే రమ్మన్నారు. మొదటిరోజు ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆల్టో (కిందిస్థాయి ఆడగొంతు) ఆంటీలు రెండు బార్లు (ఆవర్తాల్లాంటివి) ముందే ఎత్తుకున్నారట, ఇది ఠక్కున ఆపేసి "మీరు తప్పు, మళ్ళీ మొదట్నుంచి" అందట, అందరూ నవ్వారట. రెండోవారం వెళ్ళనంది. మూడోవారం నేనేమీ అనకుండానే బండి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ కూడా వెనక ఎక్కింది, "చర్చి ఎలా ఉంటుందో చూద్దామని" అంటోంది. నిర్ణయమేమీ తీసుకోలేదు. కోచింగ్ ఫీజు గడువు మాత్రం దాటిపోయింది.

గుంటలో గుమాస్తా

ఆపకూడదని చెప్పండి. వాళ్ళు రెండు బార్లు దూకితే తనూ దూకాలి, ఎవరికీ తెలియకుండా. వచ్చేవారం వెళ్ళేముందు ఇంట్లో ఆల్టో లైను నోటితో పాడుతూ ఎడమచేత్తో బేస్ (అట్టడుగు స్వరాల లైను) ఒక్కటే వాయించమనండి, పది నిమిషాలు చాలు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకోమనండి.